చెవి వెనక బుడిపె

"బంద్ జెయ్యే! ముందుగాల గా టేపు బంద్ జెయ్!"

అత్త లక్ష్మీనర్సమ్మ కేకకు పద్మ ఉలిక్కిపడి మీట నొక్కింది. అప్పటికే తార కక్కుకున్న చప్పుడు క్యాసెట్‌లోకి పోయింది. "బాపూ, నేను మంచిగనే ఉన్న" అనేంతవరకు చెప్పి, తరువాతి మాట రాకముందే ఆ పదకొండేళ్ల పిల్ల అరుగు అంచు పట్టుకొని ముందుకు వంగింది.

తల్లి రత్నవ్వ తన బీడీల చేటను పక్కకు నెట్టి, బిడ్డ నుదురు అరచేత్తో పట్టుకుంది. బయటికి వచ్చింది రెండు గుక్కల మజ్జిగ. పొద్దున్నుంచి లోపలికి పోయిందీ అంతే.

"గా కక్కుడంత లోపటికి పోయిందా?" లక్ష్మీనర్సమ్మ అడిగింది.

"పోయింది అత్తమ్మా," పద్మ అంది.

"తుడిసెయ్. నా కొడుకు గా మస్కట్ల రేకుల రూముల పండుకొని ఇంటడు. బిడ్డ కక్కుడు ఇనిపిస్తమా వానికి?"

అది ఆ ఇంటి కట్టుబాటు. తార తండ్రి రాజమల్లు మస్కట్ పోయిన ఆరేళ్లలో ఆర్మూర్ నుంచి పోయిన ఏ క్యాసెట్‌లోనూ ఎవరికీ జలుబు కూడా చేయలేదు. ఇంట్లో బర్రె చచ్చిపోయాక కూడా ఏడాదిపాటు క్యాసెట్‌లో పాలిస్తూనే ఉంది.

వాడకట్టులో ఉండే కాశీరాం సాయంత్రం జీపులో నిజామాబాద్ పోతాడు. అక్కడి నుంచి రైల్లో బొంబాయి, బొంబాయి నుంచి మస్కట్. అతను వచ్చేలోపల క్యాసెట్ నిండాలి.

ఇంటి వెనక పసుపు గోదాము. ఈ నెలల్లో కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ములు రోజంతా తిరుగుతాయి. పైకి లేచిన పొడి ఎండలో కలిసి, మధ్యాహ్నం మూడింటికే వాకిట్లో పొద్దు వాలినప్పటి వెలుగు పడుతుంది. చేటల్లో తునికాకు, గోడ, తార మొహం అన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి. ఆ వెలుగులో ఎవరు జబ్బు మనిషో, ఎవరు కాదో చెప్పడం కష్టం.

"తంబాకు ఎక్కింది, అంతే." లక్ష్మీనర్సమ్మ మళ్లీ ఆకు చుట్టడం మొదలుపెట్టింది. "కొత్త చేతులకు ఎక్కుతది. నేను కాపురానికొచ్చిన కొత్తల మూడు నెలలు కక్కిన. మీ మామ కడుపైందనుకొని వాడకట్టంత బెల్లం పంచిండు. కడుపు లేదు, ఏం లేదు. తంబాకు!"

రత్నవ్వ నవ్వింది. ఆ నవ్వు కావలసినదానికన్నా కొంచెం ఎక్కువసేపు ఉంది.

బీడీలు చుట్టే ఇళ్లలో అది కొత్త మాట కాదు. చేట ముందు కూర్చున్న మొదటి నెలల్లో ఎవరికైనా తల తిరుగుతుంది, వాంతులవుతాయి, మత్తుగా ఉంటుంది. మజ్జిగ తాగించి పడుకోబెడితే కొన్నాళ్లకు ఒళ్లు అలవాటు పడుతుంది. తార చిన్నప్పటి నుంచి బీడీలకు దారం కడుతూనే ఉంది గాని, తంబాకు నింపి చుట్టడం మొన్న శివరాత్రి నుంచే. కనుక మొదట్లో ఎవరూ వేరే మాట ఎత్తలేదు. మజ్జిగ తాగించారు. పడుకోబెట్టారు. పడుకోబెట్టినకొద్దీ పిల్ల తల పట్టుకొని మూలిగింది.

"బాపమ్మా," తార గోడకు ఆనుకొని కూర్చుని అంది. "మీరిద్దరు ఒక్కసారే ఎట్ల మాట్లాడుతుండ్రు?"

"ఇద్దరెవలే?"

"నువ్వు... నీ పక్కకు నువ్వు."

"ఒక్కదానికే ఈ ఇంట్ల చాయ్ సరిపోతలేదు. ఇంకొకతె ఏడికెల్లొచ్చింది? పొమ్మను దాన్ని!"

రత్నవ్వ మళ్లీ నవ్వింది. తార కూడా నవ్వింది, ఎవరూ లేని చోటికి చూస్తూ.

పద్మకు నవ్వు రాలేదు. వారం రోజులుగా ఆమె తార పక్కనే కూర్చుంటోంది. చేటలోంచి ఆకు తీసుకోబోయి పిల్ల వేళ్లు పక్కనున్న ఖాళీని పట్టుకోవడం చూసింది. ఒకసారి కాదు. మూడోసారికి తార అరచెయ్యి మొత్తం చేట మీద పెట్టి, ఆకు తగిలేదాకా మెల్లగా జరుపుతుంది. చీకట్లో అగ్గిపెట్టె వెతుక్కున్నట్టు.

పద్మ మాట్లాడటం తక్కువ. ఆలూర్ నుంచి చిన్న కోడలుగా ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్లయినా, అడిగినదానికి జవాబు చెప్పడమే గాని తనంత తాను మాట ఎత్తింది లేదు. మొగుడు ఎంకటి ఉంటే అతనితో అనిపించేది. అతను పసుపు లారీ మీద సాంగ్లీ పోయాడు, ఎల్లుండిగాని రాడు.

"తంబాకు ముట్టక అయిదు దినాలాయె అత్తమ్మా, ఉత్త ఆకే తీస్తున్నది," అంది. "ఇంక ఎట్ల ఎక్కుతది?"

"వాసన ఇంట్లనే ఉన్నది గదా."

"కూసున్నప్పుడు తల్కాయ గంత నొస్తలేదు. పండుకుంటె నొస్తుంది. పొద్దుగాల లేస్తనే కక్కుతుంది. తంబాకుకు గట్ల కాదు."

ఆకు కత్తిరిస్తున్న రత్నవ్వ చేతిలో కత్తెర ఆగింది.

"అక్కా," పద్మ ఆమె వైపు తిరిగింది. "గా పైపు..."

"పైపు పేరు తియ్యకు."

"పిల్ల పెరిగితె తీసుకరమ్మని డాక్టరు అన్నడట గదా..."

"నువ్వున్నవా అప్పుడు? నీ ఒళ్లె ఒక పిల్ల పడ్డనాడు నాకు బుద్ధి చెప్పు. అప్పటిదాంక నీ చేట నువ్వు సూస్కో."

గోదాములో డ్రమ్ము తిరుగుతోంది. లక్ష్మీనర్సమ్మ పెద్ద కోడలిని చూసింది, చిన్న కోడలిని చూసింది, మళ్లీ ఆకు అందుకుంది.

పైపు సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. డెబ్బై తొమ్మిదిలో తార పది నెలల పిల్లగా ఉన్నప్పుడు తల రోజురోజుకూ పెద్దదవుతుంటే హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. తలలో నీరు నిలుస్తోందన్నారు. చర్మం కింద సన్నటి పైపు వేశారు. అది తలలో మొదలై, చెవి వెనక చిన్న బుడిపెలా తేలి, మెడ మీదుగా, రొమ్ము మీదుగా పొట్టలోకి దిగుతుంది. తలలో ఎక్కువైన నీరు దాని వెంట కిందికి పోతుంది. పైపు పెట్టిన పన్నెండో రోజున జ్వరం వచ్చింది. పైపుకు చీము పట్టిందని తీసేసి, మళ్లీ ఇంకొకటి పెట్టారు. నలభై రోజులు. పక్క మంచాల్లో ఉన్న పిల్లల్లో ఇద్దరు ఇంటికి పోలేదు. రత్నవ్వ ఆ నలభై రోజుల గురించి ఇన్నేళ్లలో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

తరువాత తార మామూలు పిల్లలాగే పెరిగింది. బడికి పోయింది, చెట్లెక్కింది. ఆ పైపు ఉందన్న సంగతి పిల్లే మర్చిపోయింది.

పద్మ తల వంచుకొని టేప్ రికార్డర్ ఒళ్లోకి తీసుకుంది. తుడవమన్న పని ఇంకా మిగిలి ఉంది. కక్కిన చప్పుడు ఎక్కడ అయిపోయిందో తెలుసుకోవడానికి ఆగినచోటి నుంచే ప్లే మీట నొక్కింది.

మస్కట్ నుంచి తిరిగి వచ్చిన క్యాసెట్ల మీదనే వాళ్లు మళ్లీ మాట్లాడతారు. పాత మాట మీద కొత్త మాట. అందుకని తార వాంతి అయిపోయిన చోట, దసరాకు పంపిన పాత మాట అలాగే ఉంది. క్యాసెట్ గరగరమని, ఒక్కసారిగా ఒక గొంతు వాకిట్లోకి దూకింది.

"...బాపూ బాపూ, బాపమ్మ బతుకమ్మ ఆడుకుంట కాలు జారి పడ్డది, చెప్పొద్దన్నది, నేను చెప్తున్న, మస్తు నవ్విన్రు అందరు, నాకు అంగి తే, పచ్చది తేకు, ఎర్రది తే, పద్మ చిన్నమ్మకు గూడ తే, అడగమంటె అడగది గామె..."

ముగ్గురు ఆడవాళ్లూ తలలెత్తారు.

"ఎవలే గిది?" లక్ష్మీనర్సమ్మ అంది. అడిగిన తరువాతే అది తార గొంతని ఆమెకు తెలిసింది.

పద్మ క్యాసెట్‌ను వెనక్కి తిప్పింది. ఇవాళ్టి మాట వేసింది.

"బాపూ... నేను... మంచిగనే... ఉన్న."

ఒక్కో మాట మధ్య గోదాము డ్రమ్ము ఒక చుట్టు తిరిగి వచ్చేంత ఖాళీ ఉంది. మాట్లాడినప్పుడు ఎవరికీ వినిపించని ఆ ఖాళీ ఇప్పుడు ఇంటి నడుమ గుంతలా కనిపించింది.

"మల్లెయ్," లక్ష్మీనర్సమ్మ అంది.

పద్మ రెండూ మళ్లీ వేసింది. తార గోడకు తల ఆనించి, కళ్లు సగం మూసి, ఎక్కడి నుంచో వస్తున్న పాట విన్నట్టు వింది.

"గా పిల్ల మస్తు జల్ది మాట్లాడుతుంది చిన్నమ్మా," అంది మెల్లగా. "ఎవలింటి పిల్ల?"

పద్మ టేపు ఆపింది.

లక్ష్మీనర్సమ్మ ఒళ్లోని ఆకులు దులిపి లేచింది. మోకాళ్ల నొప్పులతో ఎప్పుడూ గోడ పట్టుకొని లేచే మనిషి, గోడ పట్టుకోలేదు. వచ్చి పెద్ద కోడలి ఎదుట కూర్చుంది.

"రత్నా. తల పోసేటప్పుడు నువ్వు గా చెవెనక బుడిపె ఒత్తి సూస్తవు. డాక్టరు నేర్పిండు నీకు. ఒత్తితె దిగాలె, మల్ల పైకి లేవాలె. నేను సూస్తనే ఉన్న పదేండ్లసంది. మొన్న అయితారం ఒత్తినవా?"

రత్నవ్వ చేతిలో ఆకు ఉంది. దాన్ని కత్తిరించలేదు, కింద పెట్టలేదు.

"నిన్నే అడుగుతున్న."

"ఒత్తిన."

"దిగిందా?"

"దిగలే."

"దాని ముందటి అయితారం?"

గోదాములో ఎవరో డ్రమ్ము ఆపారు. ఇంతసేపూ ఉన్న చప్పుడు పోయేసరికి, లేని చప్పుడు చెవుల్లో గుయ్యిమంది.

"దిగలే అత్తమ్మా. రాయోలె ఉన్నది."

పద్మ తార దగ్గరికి జరిగింది. నూనె పెట్టిన జుట్టు పక్కకు తీసి, కుడి చెవి వెనక వేలు పెట్టింది. చింతగింజంత బుడిపె. మెత్తగా ఒత్తింది. చింతగింజలాగే ఉంది. తార మెడ వైపు పైపు గీత చర్మం కింద సాగదీసిన దారంలా కనిపిస్తోంది. దసరా నుంచి ఈ పిల్ల లంగా మడత రెండుసార్లు విప్పి కుట్టింది తనే. మనిషి పొడుగైంది. లోపల ఉన్న పైపు పది నెలల పిల్లకు వేసినప్పటిదే.

"మరి నేను తంబాకు తంబాకు అని ఒర్రుతుంటె నువ్వెందుకు ఊకున్నవే?" లక్ష్మీనర్సమ్మ గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

"మీరే అన్నరు తంబాకని." రత్నవ్వ ఆకు వైపే చూస్తూ అంది. "తంబాకే అయి ఉంటదనుకున్న. రోజు పొద్దుగాల లేస్తనే, దేవుడా, తంబాకే కావాలె, తంబాకే కావాలె అనుకున్న. అందరికి ఎక్కుతది గదా. అందరికి తగ్గుతది గదా."

"రత్నా..."

"గక్కడికి తీస్కపోతె మల్ల కోస్తరు. మల్ల చీము పడతది. అప్పుడు పది నెలల పిల్ల, దానికేం తెల్వదు. ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలుస్తది. నాతోని కాదు. నేను పంపియ్య."

"పంపియ్యకు." లక్ష్మీనర్సమ్మ అంది. "ఎంబడి పోదాం."

అప్పుడే బయట జీపు హారన్ మోగింది. కాశీరాం గడప దగ్గర నిలబడి, కొత్త చొక్కా కాలర్ సర్దుకుంటూ లోపలికి చూశాడు.

"పెద్దమ్మా, క్యాసెట్ ఇస్తె పోత. రైలుకు టైమయితుంది."

"క్యాసెట్ లేదు. మనుషులున్నరు, ఎక్కించుకో."

"మనుషులా? జీపుల ఆల్రెడీ అయిదుగురం..."

"ఇద్దరిని దింపు. సుట్టపోళ్లే గదా నిన్ను సాగనంపొచ్చినోళ్లు, ఈడనే ఏడుస్తరు తియ్."

కాశీరాం నోరు తెరిచాడు. గోడ దగ్గర తల వాల్చి ఉన్న తారను చూశాడు. నోరు మూసుకొని జీపు వైపు పరిగెత్తాడు.

రత్నవ్వ కదల్లేదు. పద్మ ఆమె చేతిలోని ఆకు తీసి చేటలో పెట్టింది. "అక్కా, లే," అంది. ఇంతకుముందు పడ్డ మాట ఇద్దరి మధ్యా ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని దాటుకొని చెయ్యి చాపింది. రత్నవ్వ ఆ చెయ్యి పట్టుకోలేదు గాని, లేచింది.

జీపులో తారను పడుకోనియ్యలేదు. పద్మే వద్దంది. రత్నవ్వ ఒళ్లో నిటారుగా, తల్లి భుజానికి తల ఆనించి కూర్చోబెట్టారు. ఊరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. పొద్దు వాలుతూ ఆ కొమ్ములన్నిటి మీదా పడి, నేల నుంచి వెలుగు పైకి వస్తున్నట్టుంది. ఆ వెలుగులో దూరంగా పనిచేస్తున్న ఆడవాళ్లకు కాళ్లు కనిపించడం లేదు. తేలుతున్నట్టున్నారు.

"అమ్మా, పడవల పోతున్నమా?"

"జీపుల బిడ్డా."

"నీళ్ల చప్పుడొస్తుంది."

"అది గాలి. పండుకోకు. ఎక్కం చెప్పు. బళ్లె నేర్పిండ్రు గదా, మూడో ఎక్కం చెప్పు."

తార చెప్పడం మొదలుపెట్టింది. మూడొకట్ల మూడు. మూడ్రెండ్ల ఆరు. కాశీరాం ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. మూడుమూళ్ల తొమ్మిది. మూడునాల్ల పన్నెండు. మాటల మధ్య ఒక్కో మైలు దాటుతోంది.

రత్నవ్వ బడికి పోలేదు. ఎక్కాలు రావు. బిడ్డ గొంతు వినిపిస్తే చాలు, ప్రతిదానికీ "మంచిగ చెప్పినవ్" అంటోంది. పద్మ పెదవులు కదుపుతూ లెక్క చూస్తోంది. మాక్లూర్ దాటేవరకు లెక్క సరిగ్గానే ఉంది.

"మూడార్ల... మూడార్ల... ఇరవై."

"మంచిగ చెప్పినవ్ బిడ్డా."

పద్మ కళ్లు లక్ష్మీనర్సమ్మ కళ్లను వెతికాయి. ముసలామెకూ ఎక్కాలు రావు. కాని పద్మ మొహంలో ఉన్నది చదవడం వచ్చు.

"తొందరగ పోనియ్ నాయినా," అంది డ్రైవరుతో.

"మూడేడ్ల," తార అంది. తరువాత ఏమీ అనలేదు. రత్నవ్వ అడిగింది, ఊపింది, చెంప తట్టింది. తార కళ్లు తెరిచే ఉన్నాయి. నల్లగుడ్లు మాత్రం కిందికి, కింది రెప్పల్లోకి దిగిపోయి ఉన్నాయి.

నిజామాబాద్‌లో కాశీరాం తెలిసినవాళ్ల నర్సింగ్ హోం ముందు జీపు ఆపించాడు. పిల్లను లోపలికి మోసింది అతనే. కొత్త చొక్కా మీద మజ్జిగ మరక పడింది. రైలు వేళ దాటిపోతున్నా గోడ గడియారం వైపు చూడలేదు. "నేనీడ బయటనే ఉంట పెద్దమ్మా," అన్నాడు.

డాక్టరు చిన్నవాడు, ఎంకటి ఈడువాడు. బుడిపె ఒత్తి చూశాడు. కళ్లలో లైటు వేశాడు. ఎన్నేళ్ల కింద పెట్టారు, ఎప్పుడు చూపించారు, ఎన్నాళ్ల నుంచి కక్కుతోంది అని అడిగాడు. అన్నిటికీ పద్మే జవాబు చెప్పింది. ఇంత మాట్లాడగలనని ఆమెకే తెలియదు. అతను పక్క గదిలోకి పోయి ఫోన్ మీద చాలాసేపు మాట్లాడి వచ్చాడు. వచ్చినప్పుడు నుదుటి మీద చెమట ఉంది.

"పైపు కింది కొస పని చేస్తలేదమ్మా. పిల్ల ఎదిగింది, పైపు ఎదగదు కదా. పొట్టలకెల్లి బయటికి జారి మూసుకపోయి ఉంటది. నీళ్లు దిగుతలేవు. హైదరాబాద్‌ల పెద్ద డాక్టరుతోని మాట్లాడిన. కొత్త పైపు ఆయనే వేస్తడు. తయారుగ ఉంటమన్నరు."

"మరి పోదాం," లక్ష్మీనర్సమ్మ లేచింది.

"నాలుగు గంటల తోవ. అంతసేపు పిల్ల ఆగదు." అతను ఒక్క క్షణం ఆగాడు. "ఈ బుడిపెలకు సన్న సూది పెట్టి, పైకి ఎక్కిన నీళ్లు కొన్ని తీసి పంపమన్నడాయన. తీస్తె తోవల బతికి ఉంటది. గని సూది ఎంబడి లోపటికి క్రిమి పోతె మళ్ల చీము పట్టొచ్చు. అది గూడ చెప్పాలె నేను."

చీము అన్న మాట దగ్గర రత్నవ్వ గోడకు ఆనుకుంది.

"పిల్ల తండ్రి ఏడి?"

"మస్కట్ల ఉన్నడు."

"మరి పెట్టుమని ఎవరు చెప్తరు?" డాక్టరు సహజంగానే పెద్దావిడ వైపు చూశాడు. పద్మ కూడా ఆమె వైపే చూసింది. ఆ ఇంట్లో విత్తనాల దగ్గర నుంచి మస్కట్ వీసా దాకా ఏదైనా ఆమె నోటి నుంచే రావాలి.

"నన్ను సూడకు సారు," లక్ష్మీనర్సమ్మ అంది. "నేను తంబాకు అన్నదాన్ని. దాన్నడుగు. కన్నది అది."

రత్నవ్వ గోడ వదిలి బిడ్డ దగ్గరికి వచ్చింది. డాక్టరు తొందరపెట్టలేదు గాని అతని వేళ్లు బల్ల అంచు మీద కదులుతున్నాయి.

"మీరు ఇంతకుముందు ఎవలకన్న పెట్టిండ్రా సారు, గా సూది?"

అతను తల దించుకున్నాడు. "లేదమ్మా. పెడుతుంటె చూసిన. పెట్టలే."

రత్నవ్వ అతని మొహం చూడలేదు. చేతులు చూసింది, ముందు ఒక వైపు, తరువాత అతను తెలియకుండానే తిప్పిన రెండో వైపు. తంబాకు చారలు నిండిన తన చేతులు చీర కొంగులో దాచుకుంది.

"అయితె చేతులు మంచిగ కడుక్కొని రాండ్రి," అంది. "రెండుసార్లు కడుక్కోండ్రి."

డాక్టరు కుళాయి వైపు నడిచాడు. రత్నవ్వ కొంగు తీసి బిడ్డ చెయ్యి పట్టుకుంది. వేళ్లలో వేళ్లు పెట్టి బిగించింది. తార వేళ్లు వెచ్చగా ఉన్నాయి, కాని తల్లి చేతిని తిరిగి పట్టుకోవడం లేదు.